ట్రిప్టేజ్ రిపోర్టు నార్మల్ అని వస్తే అలర్జీ కానట్టేనా? రెండో పరీక్ష ఎందుకు?

యాంటీబయాటిక్ ఇంజెక్షన్ చేసిన కాసేపటికే మీ తమ్ముడికి ఒళ్లంతా దద్దుర్లు లేచి బీపీ పడిపోయిందని, ఆ రోజు చేసిన ట్రిప్టేజ్ పరీక్ష నార్మల్ అని వచ్చినా డాక్టరు మళ్లీ రక్తం ఇమ్మంటున్నారని రాశారు. తప్పకుండా ఇప్పించండి. నేను డాక్టరును కాను గానీ, మా చెల్లెలికి అచ్చం ఇలాగే జరిగింది. ఆమె విషయంలో సంగతి తేల్చింది ఆ రెండో పరీక్షే.

ట్రిప్టేజ్ మన ఒంట్లోని మాస్ట్ కణాల్లో ఉండే ఎంజైము. తీవ్రమైన అలర్జీ, అంటే అనాఫిలాక్సిస్ వచ్చినప్పుడు ఈ కణాలు తమలోని రసాయనాలను ఒక్కసారిగా రక్తంలోకి వదిలేస్తాయి. వాటిలో హిస్టమిన్ గంటలోపే మాయమవుతుంది. ట్రిప్టేజ్ మాత్రం గంట, రెండు గంటల్లో గరిష్ఠానికి చేరి, ఆపైన సుమారు రెండు గంటలకోసారి సగమవుతూ తగ్గిపోతుంది. అందుకే రక్తం ఎప్పుడు తీశారన్నది చాలా ముఖ్యం. మా చెల్లెలి రిపోర్టులో పైన పెద్దగా కనిపించింది మర్నాడు పొద్దున ప్రింటు తీసిన సమయం. రక్తం తీసిన సమయం పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంది. మీరూ దాన్నే వెతకండి. నాలుగు గంటలు దాటాక తీసి ఉంటే ఆ అంకెను పెద్దగా నమ్మడానికి లేదు.

ఆ రోజు ఆమెకు వచ్చిన విలువ 9.8. ల్యాబు వేసిన గరిష్ఠ పరిమితి మిల్లీలీటరుకు 11.4 నానోగ్రాములు. డ్యూటీలో ఉన్న డాక్టరు చూసి, భయంతో కళ్లు తిరిగి ఉంటాయన్నారు. అలర్జీ నిపుణురాలు మాత్రం ఒప్పుకోలేదు. లక్షణాలన్నీ తగ్గి కనీసం 24 గంటలు గడిచాక తీసిన రక్తంతో పోల్చాలన్నారు. ఆ రెండోది 4.1 వచ్చింది. ఆవిడ రిపోర్టు వెనక్కి తిప్పి పెన్నుతో లెక్క వేశారు: మామూలు విలువను 1.2తో గుణించి 2 కలపాలి. 4.92కు 2 కలిపితే 6.92. ఆ రోజు విలువ దాన్ని దాటింది కాబట్టి మాస్ట్ కణాలు కదిలినట్టే. రెండు అంకెలూ ‘నార్మల్’ గడిలోనే ఉన్నాయి, చూశారా! ఆ గడి అందరికీ కలిపి గీసింది. ఎవరి మామూలు స్థాయి వారిదే.

ఒకవేళ తేడా రాకపోయినా అలర్జీ కాదని తీర్మానించకండి. ముఖ్యంగా ఆహారం వల్ల వచ్చే అనాఫిలాక్సిస్‌లో ట్రిప్టేజ్ చాలాసార్లు పెరగదు. రోగ నిర్ధారణకు ప్రధాన ఆధారం లక్షణాలే. మామూలు రోజుల్లో కూడా విలువ ఎక్కువగానే ఉంటే, ముఖ్యంగా 20 దాటితే, మాస్టోసైటోసిస్ (మాస్ట్ కణాలు అతిగా పేరుకుపోయే జబ్బు) లాంటిది ఉందేమోనని చూస్తారు. కొందరికి ట్రిప్టేజ్ పుట్టుకతోనే ఎక్కువ.

ఇంకో మాట. ఆ సమయంలో ట్రిప్టేజ్ పరీక్ష రాయలేదే అని బాధపడేవారు ల్యాబులో అడిగి చూడండి. ట్రిప్టేజ్ త్వరగా పాడవదు కనుక, వేరే పరీక్షలకు తీసిన రక్తం మిగిలి ఉంటే దానితోనే చేయవచ్చు.

ఈ పరీక్ష ఏం జరిగిందో చెబుతుంది, దేనివల్ల జరిగిందో చెప్పదు. దానికి ఐజీఈ (అలర్జీలో పాత్ర ఉండే యాంటీబాడీ) రక్తపరీక్ష, చర్మపరీక్ష ఉన్నాయి. వాటిని సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి చేస్తారు, వెంటనే చేస్తే ఉన్న అలర్జీ కూడా లేనట్టు కనిపించవచ్చు. చర్మపరీక్షకు ముందు యాంటీహిస్టమిన్ మాత్రలు ఆపమంటారు, రక్తపరీక్షకు ఆ పట్టింపు లేదు. పనిలో పనిగా వందల పదార్థాల ప్యాకేజీ చేయించుకోమంటే మాత్రం ఒప్పుకోకండి. ఐజీఈ పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు. మా చెల్లెలు ఆ పొడవాటి జాబితా చూసి, హాయిగా తింటున్నవన్నీ మానేయబోయింది.

మళ్లీ ఎప్పుడైనా అలా జరిగితే ముందు తొడ కండరంలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాలి, రక్తం తీయడం ఆ తరువాతే. నిపుణుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంజెక్షన్ పేరు, అది చేసిన సమయం, దద్దుర్లు మొదలైన సమయం, అడ్రినలిన్ ఇచ్చిన సమయం ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్లండి. అసలు కారణం తేలేవరకు ఏ ఆసుపత్రిలో చూపించుకున్నా ఆ మందు పేరు ముందే చెప్పమని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి.