ఒకే కాన్సర్ట్‌కి వెళ్లొచ్చిన అభిమానుల మాటలు ఒకదానితో ఒకటి ఎందుకు కలవవు?

మీరు అడిగింది ఇది: ఇష్టమైన రాక్ బ్యాండ్ త్వరలో ఒక ఇండోర్ అరీనాలో వాయించబోతోంది. ఇంతకుముందు అదే టూర్‌కి వెళ్లొచ్చిన వాళ్లలో ఒకరు "జన్మ ధన్యమైంది" అంటున్నారు, ఇంకొకరు "సౌండ్ చెత్త, ఒక్క ముక్క అర్థం కాలేదు" అంటున్నారు. ఎవరిని నమ్మాలి, ఎక్కడ టికెట్ తీసుకోవాలి?

ఇద్దరినీ నమ్మండి. ఆ ఇద్దరూ నేనే అయిన సందర్భం ఒకటుంది.

ఒకే బ్యాండ్‌ని, ఒకే అరీనాలో, వరసగా రెండు రాత్రులు చూశాను. అలా అనుకుని వెళ్లలేదు. మొదటి రాత్రికి పై అంతస్తులో రెండు టికెట్లు దొరికితే నేనూ మా అక్క కొడుకూ వెళ్లాం. వాడికి పద్నాలుగేళ్లు, అదే మొదటి కాన్సర్ట్. రెండో రాత్రికి ఒక స్నేహితుడికి జ్వరం వచ్చి అతని ఫ్లోర్ టికెట్ (స్టేజీ ముందు కింద నిలబడి చూసే చోటు) మిగిలిపోయింది, నన్ను వెళ్లమన్నాడు. బ్యాండ్ పేరు మాత్రం చెప్పను. చెబితే ఆ బ్యాండ్ మంచిదా కాదా అని కొట్టుకోవడం మొదలవుతుంది, మీ ప్రశ్న గాలికి పోతుంది. నలుగురు మనుషులు, నేను కాలేజీలో ఉన్నప్పటి నుంచి వింటున్న బ్యాండ్. అంతవరకు చాలు.

మొదటి రాత్రి మా సీట్లు స్టేజీకి ఎదురుగా, చిట్టచివరి వరసల్లో. ఇంచుమించు 80 మీటర్ల దూరం. లైట్లు ఆరి, వేలమంది ఒక్కసారిగా అరిచినప్పుడు ఒళ్లు జలదరించింది. మొదటి పాట మొదలైంది. అది ఏ పాటో పోల్చుకోవడానికి నాకు ఒక చరణం పట్టింది. పదిహేనేళ్లుగా వింటున్న పాట! బేస్ గిటారూ డ్రమ్సూ కలిసిపోయి ఒకటే హోరు, ఆ హోరు అడుగున బావిలోంచి వస్తున్నట్టు గాయకుడి గొంతు. ఇంకో వింత, డ్రమ్మర్ కర్ర పైకి లేచేటప్పుడు దెబ్బ వినిపిస్తోంది. కర్ర కిందికి పడేటప్పుడు ఏమీ లేదు.

దీనికి పెద్ద రహస్యమేం లేదు. గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది. 80 మీటర్లు దాటడానికి పావు సెకనుకి కాస్త తక్కువ పడుతుంది. పాట నిమిషానికి 120 దెబ్బల వేగంతో నడుస్తుంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య అర సెకను. అంటే కంటికి కనిపించేదానికీ చెవికి వినిపించేదానికీ మధ్య సగం దెబ్బ తేడా. గాయకుడు చేతులెత్తి చప్పట్లు కొట్టమంటే కింద ఫ్లోర్ మీద వాళ్లది ఒక తాళం, మాది ఇంకో తాళం. మా తప్పు లేదు, మాకు వినిపించినదానికే కొట్టాం. కానీ మా చప్పుడు స్టేజీ చేరడానికి మళ్లీ పావు సెకను కదా, వాళ్ల దగ్గరికి వెళ్లేసరికి దాదాపు ఒక పూర్తి దెబ్బ వెనకపడి ఉంటుంది. వాయించేవాళ్లు చెవుల్లో ఇన్-ఇయర్ మానిటర్లు పెట్టుకునేది తమ వాయిద్యాలు తమకి వినబడటానికే అయినా, మనబోటి వాళ్ల చప్పట్ల నుంచి తప్పించుకోవడానికి కూడా పనికొస్తాయనుకుంటా.

నేను ఇలా మనసులో సణుక్కుంటుంటే పక్కన మావాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు. వాడికి బ్యాండ్ ఒక్కటే కాదు, మొత్తం స్టేజీ కనిపిస్తోంది. "మామయ్యా, ఆ కుడివైపు చీకట్లో నిలబడ్డాయన చూడు, ప్రతి పాటకీ గిటార్ మార్చి ఇస్తున్నాడు" అన్నాడు. నిజమే. యాంప్లిఫయర్ల వెనక నల్ల బట్టల్లో ఒకాయన. పాట ముగిసే క్షణానికి తర్వాతి గిటార్ శ్రుతి చేసి పట్టుకుని సిద్ధంగా ఉంటున్నాడు. ఒక్కోసారి పాట చివరి తీగ మోగుతుండగానే పరుగున వచ్చేస్తున్నాడు. ఇన్నేళ్ల అభిమానంలో అలాంటి మనిషి ఒకడు ఉంటాడని నాకు ఆలోచనే రాలేదు.

కొత్త ఆల్బమ్‌లో పాటలు నాలుగు వాయించారు. అవి మొదలుకాగానే నా వయసు వాళ్లు చాలామంది లేచి టాయిలెట్ల దారి పట్టారు. నేను లేవలేదు కానీ ఫోన్ చూసుకున్నాను. మావాడికి ఆ నాలుగూ మాట మాటా వచ్చు. నిలబడి పాడాడు. ఇంటికెళ్లేటప్పుడు వాడు చెప్పిన ఇష్టమైన ఘట్టాల్లో మూడు నేను ఫోన్ చూసుకున్న సమయంలోవే. ఆ రాత్రి మా ఇద్దరినీ విడివిడిగా అడిగి ఉంటే వేర్వేరు బ్యాండ్‌ల గురించి చెబుతున్నామేమో అనుకునేవారు.

ఇక రెండో రాత్రి. ఫ్లోర్ మధ్యలో కాస్త వెనగ్గా సౌండ్ ఇంజనీర్ కూర్చునే మిక్సింగ్ డెస్క్ ఉంటుంది, చుట్టూ కంచె కట్టి. దాని ముందు నిలబడ్డాను. అవే పాటలు, ఇంచుమించు అదే వరస. కానీ నిన్న విన్నది వీళ్లనేనా అనిపించింది. రెండో గిటార్ పక్కనుంచి వేసే చిన్న చిన్న మెలికలు కూడా విడివిడిగా వినిపించాయి. ఇందులో ఆశ్చర్యం ఏముంది, ఆ ఇంజనీర్ తన చెవికి బాగున్నట్టు సరిచేస్తాడు. ఆయన చెవి ఉన్నచోటే నా చెవీ ఉంది. స్టేజీకి రెండు వైపులా అరటి గెలల్లా వేలాడే స్పీకర్లు చూసి ఉంటారు, లైన్ అరే అంటారు. 1990ల నుంచి బాగా వ్యాపించిన పద్ధతి. దూరాన ఉన్నవాళ్లకీ దగ్గరున్నవాళ్లకీ తేడా తగ్గించడానికే వాటిని అలా వంకర తిప్పి వేలాడదీస్తారు. తేడా తగ్గుతుంది, పోదు. పై వరసల వెనకున్న గోడ తిరగగొట్టే శబ్దాన్ని ఏ స్పీకరూ ఆపలేదు.

మరీ ముందుకెళ్లినా అంతే. ఆ రాత్రి నా స్నేహితురాలు ఒకామె మధ్యాహ్నం నుంచీ లైన్లో నిలబడి మొదటి వరస బారికేడ్ పట్టుకుంది. బయటికొచ్చాక "పాడింది ఏమైనా వినిపించిందా?" అని అడిగితే, "డ్రమ్సూ గిటార్ యాంప్లిఫయరూ నేరుగా మొహం మీద కొట్టాయి, గొంతు సగం సగం" అంది. పెద్ద స్పీకర్ల శబ్దం మొదటి వరస నెత్తిమీదుగా వెళ్లిపోతుంది, స్టేజీ అంచున పెట్టే చిన్న స్పీకర్లే వాళ్లకి దిక్కు. కానీ ఆవిడకి దాని గురించి చింత లేదు. గాయకుడు కిందికి వంగి తన చెయ్యి తాకాడు. మర్నాడు తను రాసిన పోస్టులో సౌండ్ ఊసే లేదు. అది చదివిన మీలాంటివాళ్లు "ఆహా, సౌండ్ బాగుందన్నమాట" అనుకుంటారు.

దీన్ని తప్పుపట్టడం లేదు. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ వాయించినప్పుడు యాభై అయిదు వేల మందికి పైగా వచ్చారు. ఆ కేకల్లో పాట సరిగ్గా వినబడలేదు. స్టేజీ మీద వాళ్లకే ఒకరి వాయిద్యం ఒకరికి వినబడలేదు. సౌండ్ లెక్కన చూస్తే అంతకన్నా ఘోరం ఉండదు. అయినా రాక్ చరిత్రలో గొప్పగా చెప్పుకునే రాత్రుల్లో అదొకటి. ఇంకో కథ నాకు మరీ ఇష్టం. 1977లో ఇంగ్లండ్ స్టాఫర్డ్‌లోని బింగ్లీ హాల్లో క్వీన్ అనే బ్యాండ్ వాయించి స్టేజీ దిగిపోయాక జనం వెళ్లకుండా తమంతట తామే పాడటం మొదలుపెట్టారు. ఆ రాత్రి ప్రభావంతోనే జనం కాళ్లతో, చేతులతో పాల్గొనే పాట ఒకటి చెయ్యాలనిపించిందని గిటారిస్ట్ బ్రయన్ మే చాలాసార్లు చెప్పాడు. అదే "వీ విల్ రాక్ యూ". ఆ తాళం నిదానంగా, బరువుగా ఉంటుంది కాబట్టే పై అంతస్తు వాళ్లు కాస్త వెనకబడినా చెడిపోదని నా అభిప్రాయం.

రెండో రాత్రి నన్ను ఇబ్బంది పెట్టింది ఒకటే. మొదటి రాత్రి గాయకుడు మధ్యలో ఆగి, "మీ అంత పిచ్చి జనాన్ని ఈ టూర్‌లోనే చూడలేదు" అని ఒక జోకు వేశాడు. మేమంతా పొంగిపోయాం, నేను మావాడి భుజం కూడా చరిచాను. రెండో రాత్రి అదే పాట తర్వాత, అదే చోట ఆగి, అదే జోకు. నవ్వు ముందు పెట్టే చిన్న విరామంతో సహా. చుట్టూ వాళ్లంతా పొంగిపోయారు. నాకు కాసేపు మనసు చివుక్కుమంది. తర్వాత ఆలోచిస్తే, లైట్లూ వెనక వీడియోలూ పాటలతో ముడిపెట్టి ముందే సిద్ధం చేసి ఉంటాయి, అంత పెద్ద షో రోజుకో రకంగా నడపడం కష్టమే. "నా పాట వాయించలేదు" అని అలిగే అభిమానులు చాలామంది ఇది మర్చిపోతారు. ఇప్పటి టూర్లలో పాటల వరస చాలావరకు ముందే తెలిసిపోతుంది. ఆశ్చర్యం కావాలంటే వెళ్లేముందు దాన్ని చూడకండి. ఇష్టమైన పాట లేదని అక్కడ తెలిసి బాధపడే రకమైతే ముందే చూసుకోండి.

ఆ రెండో రాత్రి ప్లాన్‌లో లేనిది ఒక్కటే జరిగింది. సోలో, అంటే గిటారిస్ట్ ఒక్కడే ముందుకొచ్చి వాయించే భాగం, దాని మధ్యలో గిటార్ తీగ తెగింది. ఆయన మొహం చిట్లించాడు, మిగిలిన తీగల మీద ఎలాగో లాక్కొచ్చాడు. ఆ సోలో రికార్డులో ఉన్నంత బాగా లేదు. రెండు రాత్రుల్లోకీ నాకు బాగా గుర్తున్నది అదే.

అభిమానుల అభిప్రాయాలు చదివేటప్పుడు కొన్ని సంగతులు మనసులో పెట్టుకోండి. మొదటి రెండు మూడు పాటల్ని బట్టి ఎవరైనా తీర్పు చెబితే పట్టించుకోకండి. ఖాళీ హాల్లో సౌండ్ చెక్ చేసినప్పుడున్న ప్రతిధ్వని జనం నిండాక మారిపోతుంది, మన ఒళ్లూ బట్టలూ శబ్దాన్ని పీల్చుకుంటాయి. ఇంజనీర్ అప్పుడు మళ్లీ సర్దుకోవాలి. అసలు బ్యాండ్‌కి ముందు వాయించే ఓపెనింగ్ బ్యాండ్‌కి పాపం ఆ అవకాశం కూడా ఉండదు, సగం ఖాళీ హాల్లో వాయించి తిట్లు తింటుంది. ఫోన్ వీడియోలు చూసి గొంతు పోయిందనో శ్రుతి తప్పాడనో అనుకోవద్దు, అంత పెద్ద శబ్దాన్ని ఫోన్ మైకు మోయలేదు. వయసు మీదపడ్డ గాయకులు పాటని అర స్వరమో ఒక స్వరమో కిందికి దించి పాడటం మాత్రం నిజమే. అది మోసం కాదు. పాతికేళ్ల వయసులో అరిచిన స్థాయిని యాభైలో అందుకోబోయి రోజూ గొంతు చించుకోవడం కన్నా నయం.

చెవుల గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. మొదటి రాత్రి తర్వాత మర్నాడు సాయంత్రం దాకా నా చెవుల్లో కీచుమని మోత. 85 డెసిబెల్స్ శబ్దాన్ని 8 గంటలు భరించవచ్చని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగానికి తగ్గిపోతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. రాక్ కాన్సర్ట్ రెండు గంటలు ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. 1976లో ద హూ బ్యాండ్ లండన్‌లో 126 డెసిబెల్స్‌తో గిన్నిస్ రికార్డు పెట్టింది. తర్వాత గిన్నిస్ వాళ్లే చెవులు పాడవుతాయని ఆ విభాగాన్ని ఎత్తేశారు. రెండో రాత్రి నేను సంగీతం కోసం చేసే ఇయర్ ప్లగ్స్ పెట్టుకున్నాను. సౌండ్ తగ్గింది, పాట తగ్గలేదు. అసలు నాకు రెండో రాత్రి అంత బాగా వినిపించడంలో వాటి పాత్ర ఎంతో, చోటు పాత్ర ఎంతో విడదీసి చెప్పలేను. దూది కుక్కుకుంటే చాలదు.

టికెట్ విషయానికొస్తే, వినడానికి వెళ్తుంటే మిక్సింగ్ డెస్క్ చుట్టుపక్కల, లేదా స్టేజీకి ఎదురుగా ఉండే కింది అంతస్తు. వాళ్లని దగ్గరగా చూడటమే ముఖ్యమైతే బారికేడ్, సౌండ్ మీద ఆశ వదులుకుని. స్టేజీకి మరీ పక్కవైపు సీట్లు కొనేముందు మాత్రం రెండుసార్లు ఆలోచించండి, అక్కడ తెర కూడా ఏటవాలుగా కనిపిస్తుంది. పై అంతస్తుని నేను ఇదివరకటిలా తీసిపారెయ్యను.

ఎందుకంటే రెండో రాత్రి ముగిశాక మావాడికి ఫోన్ చేసి, నువ్వూ వచ్చుండాల్సింది, ఎంత స్పష్టంగా వినిపించిందో అని ఊరించబోయాను. తీగ తెగిన సంగతి కూడా చెప్పాను. వాడు వెంటనే, "అయితే ఆ గిటార్లు ఇచ్చే ఆయన ఎంతసేపట్లో ఇంకోటి తెచ్చాడు మామయ్యా?" అన్నాడు. నేను నిలబడ్డ చోటి నుంచి ఆయన కనిపించలేదు. నా ముందు అందరూ ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు.