నీ నవల చివరి అధ్యాయం గురించి

పాపా,

నీ నవల రెండుసార్లు చదివినాను. మొదటిసారి మేనత్తగా చదివి ఏడ్చినాను. రెండోసారి, ముప్పై ఏళ్ళు ఆడపిల్లలకు తెలుగు చెప్పినదాన్ని గదా, పెన్సిల్ పట్టుకుని చదివినాను. ఈ ఉత్తరం ఆ రెండో చదువుది.

డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరిన పిల్ల, తనకు అబ్బాయిల మీదా అమ్మాయిల మీదా మనసు పోతుందని తెలుసుకునే కథ. ఆ వయసు పిల్లలే చదువుకునేట్టు తెలుగులో రాసినావు. మా కాలేజీ లైబ్రరీలో బాలసాహిత్యానికి ఒక బీరువా, పెద్దల నవలలకు ఒక బీరువా ఉండేవి. పదిహేడేళ్ళ పిల్ల వచ్చి ఆ రెంటి మధ్యన నిలబడితే చేతికి ఏం ఇయ్యాల్నో తెలిసేది కాదు. నువ్వు రాస్తున్నది ఆ పిల్లకు. అది మర్చిపోవద్దు.

అన్నిటికన్నా బాగా కుదిరింది ఏడో అధ్యాయం. సంక్రాంతి ముందు పెరట్లో కూర్చుని నీ కథలో అమ్మాయీ, ఆమె మనసుపడిన ఇంకో అమ్మాయీ పితికిపప్పుకు నానబెట్టిన అనపగింజలు పితుకుతా ఉంటారు. ఒక గింజ జారి రెండో అమ్మాయి ఒళ్ళో పడుతుంది. ఆమె తీసిస్తుంది. అందుకున్న చెయ్యి వెనక్కి రావడం రవ్వంత ఆలస్యమవుతుంది. అంతే. దానికి ఇంకొక్క మాట కూడా కలపొద్దు.

ఇప్పుడు చివరి అధ్యాయానికి వస్తాను. పాకాల అబ్బాయిని ఆమె ఇష్టపడింది. మంచి పిల్లోడు, నాకూ నచ్చినాడు. బైసెక్సువల్ అమ్మాయి అబ్బాయితో స్థిరపడితే తప్పేమీ లేదు, అంతకు ముందు అబద్ధమాడినట్టూ కాదు. నా బాధ వేరే. వాడు వచ్చిన పేజీ నుంచి అనపగింజల అమ్మాయి పేరు ఒక్కసారి కూడా రాలేదు. పైగా అక్క చేత, "ఆ వయసులో అందరికీ అట్లనే ఉంటుందిలే" అనిపించినావు. నీ అమ్మాయి తల ఊపింది. ఆ ఒక్క తల ఊపుతో ఏడో అధ్యాయం కొట్టుకుపోయింది పాపా.

రాబిన్ ఓక్స్ అని అమెరికాలో ఒకామె ఈ విషయం మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. ఒకటి కంటే ఎక్కువ జెండర్ల వాళ్ళ మీద మనసు పోగలగడమే బైసెక్సువల్ కావడం, అది ఒకే సమయంలో, ఒకే తీరుగా, ఒకే మోతాదులో ఉండాలని లేదు, అని ఆమె చెప్పిన దాని సారం. ఆ లెక్కన నీ అమ్మాయి ఎవరి చెయ్యి పట్టుకున్నా బైసెక్సువలే. ఒంటరిగా ఉన్నా అంతే.

అక్కను ఆ మాట అననీ, అక్కలు అంటారు. నీ అమ్మాయి మాత్రం తల ఊపకూడదు. చిత్తూరు బస్సులో వాడి పక్కన కూర్చుని పోతా, చంద్రగిరి దాటినాక, "ఆమె అంటే నాకు ప్రేమ ఉండింది, అది ఉత్త స్నేహం కాదు" అని వాడికి చెప్పనీ. అప్పుడు వాడు ఏమంటాడో చూడాలని ఉంది నాకు. "ఆమె ఇప్పుడు యాడుంది, బాగుందా?" అని అడిగితే వాడికి ఆ పిల్లను ఇయ్యొచ్చు. మొహం మాడ్చుకుంటే ఇంకో అధ్యాయం రాయాల్సిందే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. చాలా ఏళ్ళ కిందట కాలేజీ పత్రికకు కథలు ఎంచే పని నాది. ఫైనలియర్ అమ్మాయి ఒకతె కథ ఇచ్చింది. అందులోనూ ఒకే మనసులో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి. నేను ఎర్రసిరా పెన్నుతో అమ్మాయి ఉన్న చోటల్లా "ప్రేమ" కొట్టేసి "స్నేహం" అని దిద్దినాను. పిల్లను కాపాడుతున్నానని అనుకున్నాను. పత్రిక అచ్చయినాక తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇది నా కథ కాదు మేడమ్" అని మెల్లిగా చెప్పి పోయింది. మళ్ళీ ఎప్పుడూ కథ ఇయ్యలేదు. ఆ తప్పు నాది, దిద్దుకునే దారి కూడా లేదు.

అందుకే పేరు పెట్టి రాయమంటున్నాను. పేరు లేకపోతే చదివేవాళ్ళు స్నేహం కిందనే జమ కట్టేస్తారు. నువ్వు "ద్విలింగి" అని రాసినావు. బైపీసీ చదివిన పిల్లకు ఆ మాట చూడంగానే మందార పువ్వు గుర్తొస్తుంది. కేసరాలూ అండకోశమూ ఒకే పువ్వులో ఉంటే ద్విలింగ పుష్పం అని గదా పాఠం. అది ఒంటి సంగతి, నీ అమ్మాయిది మనసు సంగతి. "ద్విలైంగిక" అనేది పద్దెనిమిదేళ్ళ పిల్ల నోట పలకదు. బైసెక్సువల్ అనే రాయి. అర్ధరాత్రి హాస్టల్ మంచం మీద, దుప్పటి కింద ఫోన్లో ఆ మాట మొదటిసారి చదివినప్పుడు ఆమెకు ఎట్లుండిందో రాయి. తర్వాత "బై" అన్నా చాలు.

"కన్ఫ్యూజన్" అన్న చోటల్లా గీత గీసినాను. ఆమె మనసు ఆమెకు తెలుసు. తెలియనిదల్లా అమ్మకు ఎట్లా చెప్పాల, రూమ్మేట్‌కు తెలిస్తే ఏమవుతుంది అనేవే. అది భయం. భయమనే రాయి.

ఇక ఆ మేనబావ పాత్ర. అబ్బాయినీ అమ్మాయినీ ఇద్దర్నీ మోసం చేస్తాడు, ఊరంతా "రెండు పడవల మీద కాళ్ళు పెట్టినాడు" అంటుంది. మోసగాడు ఉండొచ్చు. కానీ నీ అమ్మాయి కాకుండా పుస్తకంలో ఉన్న ఇంకో బైసెక్సువల్ వాడొక్కడే అయితే, మోసం ఆ స్వభావంలోనే ఉందని పిల్లలు నేర్చుకుంటారు. పుత్తూరులో బట్టల కొట్టు నడుపుకునే నలభై ఏళ్ళ మనిషిని ఒకర్ని పెట్టు. సుఖంగా, మామూలుగా బతుకుతున్న మనిషి. ఆ వయసు దాకా బతకొచ్చని నీ అమ్మాయి కళ్ళతో చూడాల.

గంగమ్మ జాతర అధ్యాయం తీసెయ్యి, నొచ్చుకోవద్దు. పాలెగాడిని పట్టడానికి గంగమ్మ వేషాలు మార్చిందనే కథను బట్టి మగవాళ్ళు చీర కట్టి మొక్కు తీర్చుకుంటారు. మీ నాయన కూడా చిన్నప్పుడు జడ వేయించుకుని తాతయ్యగుంట గంగమ్మ గుడికి పోయినాడు. ఎవరు ఏం కట్టుకున్నారనేది ఒకటి, ఎవరి మీద మనసు పోయిందనేది ఇంకొకటి. నువ్వు రెండింటినీ ముడేసినావు.

కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో తేల్చుకో. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పు ఇచ్చింది. ఇష్టపడిన పెద్దవాళ్ళ మధ్య సంబంధం, ఇద్దరూ ఆడవాళ్ళయినా ఇద్దరూ మగవాళ్ళయినా, అప్పటి నుంచి నేరం కాదు. అంతకు ముందు కథయితే హాస్టల్ గదిలో భయం ఇంకో రకంగా ఉంటుంది. 2023 అక్టోబర్ 17న అదే కోర్టు ఇచ్చిన తీర్పులో అట్లాంటి జంటలకు పెళ్ళి హక్కు మాత్రం దొరకలేదు. ఇద్దరమ్మాయిలూ పెళ్ళి గురించి మాట్లాడుకునే చోట ఆ తేదీ చూసుకో.

పుస్తకం వచ్చినాక "నువ్వు కూడానా?" అని అడిగేవాళ్ళు బయలుదేరతారు. బెకీ ఆల్బర్టాలీ అనే అమెరికా రచయిత్రి ఇట్లాంటి నవలలే రాసింది. నీకేం హక్కుందని జనం నిలదీసి నిలదీసి, చివరికి 2020 ఆగస్టులో తానూ బైసెక్సువలేనని ఆమె చెప్పుకోవాల్సి వచ్చింది. ఒక సీరీస్‌లో బైసెక్సువల్ అబ్బాయిగా నటించిన కిట్ కానర్ అనే పిల్లోడికీ అదే గతి, 2022 అక్టోబర్‌లో, పద్దెనిమిదేళ్ళకే. నువ్వు ఎవరికీ జవాబు చెప్పనక్కర లేదు. నేనూ అడగను. చెప్పాలనిపించిన రోజు చెప్తే వింటాను.

పెన్సిల్ గీతలు పెట్టిన కాగితాలు మీ నాయన చేతికి ఇయ్యలేదు. కవర్లో పెట్టి అతికించి నా బీరువాలో పెట్టినాను. ఈ నెలాఖరుకు నువ్వే వచ్చి తీసుకుపో. అప్పటికి అనపకాయలు కూడా దిగుతాయి.

మీ అత్త,
తిరుపతి