గ్లోబల్ ఎంట్రీకి దరఖాస్తు చేసే ముందు

అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న: "ఎయిర్‌పోర్టులో ఇమిగ్రేషన్ దగ్గర ఆ పొడుగాటి లైన్ తప్పించుకునే దారి ఉందట కదా, మనకి ఇస్తారా?" ఇస్తారు. అమెరికా కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్, అంటే సీబీపీ నడిపే గ్లోబల్ ఎంట్రీలో (ముందే పరిశీలించి ఆమోదించిన ప్రయాణికుల్ని త్వరగా పంపించే పథకం ఇది) 2017 నుంచి భారత పౌరులకి కూడా చోటుంది. గ్రీన్ కార్డు ఉండాలన్న నియమం లేదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు, విజిటర్ వీసా మీద వచ్చిపోయే అమ్మానాన్నలు కూడా పెట్టుకోవచ్చు. కానీ ఇది వీసా కాదు, వీసాకి బదులూ కాదు. వీసా గడువు తీరితే గ్లోబల్ ఎంట్రీ ఉన్నా విమానం ఎక్కనివ్వరు.

ముందు మీకు అవసరమో కాదో చూసుకోండి. ఫీజు 120 డాలర్లు (2024 అక్టోబర్ 1కి ముందు 100 ఉండేది), సభ్యత్వం ఐదేళ్ళు. దరఖాస్తు తిరస్కరించినా ఫీజు తిరిగి ఇవ్వరు. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఇండియా వెళ్ళొచ్చేవాళ్ళకి, ఉద్యోగం పనిమీద దేశాలు తిరిగేవాళ్ళకి, పసిపిల్లల్నెత్తుకుని ఇరవై గంటల ప్రయాణం చేసి దిగేవాళ్ళకి ఇది పెట్టదగ్గ ఖర్చే. మూడేళ్ళకోసారి ఊరెళ్ళేవాళ్ళు తొందరపడనక్కర్లేదు. వాళ్ళలో గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి మొబైల్ పాస్‌పోర్ట్ కంట్రోల్ అనే ఉచిత యాప్ ఉంది. దిగాక ఫోన్‌లో వివరాలు నింపి, ఫొటో తీసుకుని, వేరే లైన్‌లో వెళ్ళొచ్చు. హెచ్1బీ, ఎఫ్1 మీద ఉన్న భారతీయులకి మాత్రం ఆ యాప్ పనికిరాదు. కాబట్టి గ్లోబల్ ఎంట్రీ వల్ల అసలు లాభం వీళ్ళకే ఎక్కువ. ఇంకోమాట. కొన్ని క్రెడిట్ కార్డులు ఈ ఫీజుని తిరిగి ఇచ్చేస్తాయి. ఆ కార్డుతో ఇంట్లో వేరేవాళ్ళ దరఖాస్తుకి కట్టినా సాధారణంగా వర్తిస్తుంది. మీ కార్డు నిబంధనలు ఒకసారి చదివి చూడండి.

ఇంట్లో ఒకరికుంటే అందరూ ఆ లైన్‌లో వెళ్ళొచ్చని చాలామంది అనుకుంటారు. అలా కుదరదు. చంకలో బిడ్డకి కూడా విడిగా సభ్యత్వం ఉండాలి. తల్లిగానీ తండ్రిగానీ సభ్యులైనా, దరఖాస్తు పెట్టుకుని ఉన్నా, 18 ఏళ్ళలోపు పిల్లలకి ఫీజు లేదు. అందుకే నలుగురికీ ఒకేసారి పెట్టండి. ఇద్దరికి వచ్చి ఇద్దరికి రాకపోతే చివరికి నలుగురూ మామూలు లైన్‌లోనే నిలబడాలి.

దరఖాస్తు సీబీపీ వారి ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రామ్స్ వెబ్‌సైట్‌లోనే చేయాలి. గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనల రూపంలో వేరే సైట్లు వస్తాయి. అవి "సహాయం" పేరుతో అదనంగా డబ్బు గుంజుతాయి, పైగా మీ పాస్‌పోర్టు వివరాలన్నీ వాళ్ళ చేతికి వెళ్తాయి. చిరునామా చివర డాట్ గవ్ ఉందో లేదో చూశాకే టైప్ చేయడం మొదలుపెట్టండి. లోపలికి వెళ్ళడానికి లాగిన్ డాట్ గవ్ ఖాతా కావాలి. దానికి ఫోన్‌కి వచ్చే కోడ్ ఒక్కటే పెట్టుకుంటే, నంబరు మారినప్పుడో, ఇండియా వెళ్ళి అమెరికా సిమ్ పనిచేయనప్పుడో తలుపు మూసుకుపోతుంది. బ్యాకప్ కోడ్‌లు తీసి కాగితం మీద రాసిపెట్టుకోండి.

ఫారంలో గడిచిన ఐదేళ్ళ చిరునామాలు, ఉద్యోగాలు, వెళ్ళొచ్చిన దేశాలు అడుగుతారు. మధ్యలో ఒక్క నెల కూడా ఖాళీ ఉండకూడదు. చదువుకున్న కాలం, ఉద్యోగం లేని కాలం ఉన్నవి ఉన్నట్టే రాయాలి. హైదరాబాద్‌లో హాస్టల్, డాలస్‌లో నలుగురు కలిసి ఉన్న అపార్ట్‌మెంట్, తర్వాత క్లయింట్ కోసం మారిన ఊళ్ళు... ఇవన్నీ నెలలతో సహా ముందే ఒక కాగితం మీద రాసుకుని కూర్చుంటే పని గంటలో తెములుతుంది. అరెస్టు, కేసు గురించి అడిగే ప్రశ్న దగ్గర ఏదీ దాచొద్దు. తాగి బండి నడిపిన కేసు కొట్టేసినా, రికార్డు చెరిపేసినా సరే, చెప్పాలి. జరిగినదానికంటే దాచినందుకే తిరస్కరించే అవకాశం ఎక్కువ.

తెలుగువాళ్ళకి ఎక్కువగా చిక్కు వచ్చేది పేరు దగ్గర. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, పేరంతా గివెన్ నేమ్ గడిలో ఉన్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. అలాంటివాళ్ళకి అమెరికా వీసాలో ఆ పేరంతా సర్‌నేమ్ కింద పడి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని వస్తుంది. తర్వాత డ్రైవింగ్ లైసెన్సులో ఒకలా, గ్రీన్ కార్డులో ఇంకోలా, విమాన టికెట్‌లో మరోలా ఉంటుంది. కొందరికి పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే, టికెట్‌లో పొడి అక్షరమే ఉంటుంది. పేరులో ఇలాంటి తేడా ఉన్నవాళ్ళకి నా గట్టి సలహా: ముందు పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు విడివిడిగా సరిచేయించుకోండి. ఆ తర్వాతే గ్లోబల్ ఎంట్రీ జోలికి వెళ్ళండి. సభ్యత్వం వచ్చాక పేరు మార్చాలంటే మళ్ళీ ఎన్‌రోల్‌మెంట్ సెంటర్‌కి, అంటే ఇంటర్వ్యూ చేసే సీబీపీ కార్యాలయానికి, స్వయంగా వెళ్ళాల్సి వస్తుంది.

భారత పౌరులుగా దరఖాస్తు చేసేవాళ్ళని అమెరికా ఒక్కటే కాదు, భారత ప్రభుత్వం కూడా పరిశీలిస్తుంది. పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లో జీఈపీ (గ్లోబల్ ఎంట్రీ ప్రోగ్రామ్) బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ పేరుతో విడిగా ఒక దరఖాస్తు ఉంది, అదే దీనికి. పోలీస్ వెరిఫికేషన్ కూడా ఉంటుంది కాబట్టి, ఇండియా చిరునామాలో ఉన్న ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి ఉంచండి. పాస్‌పోర్టులో మీరు ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె ఇంటి చిరునామా ఉంటే పని అక్కడే ఆగిపోవచ్చు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు అమెరికా పర్మనెంట్ రెసిడెంట్లుగా దరఖాస్తు పెడతారు, వాళ్ళ దారి దీనికంటే సులువు. ఆరు నెలల్లో గ్రీన్ కార్డు చేతికొస్తుందని తెలిసినవాళ్ళు అప్పటిదాకా ఆగడమే మేలు.

పరిశీలన అయ్యాక కండిషనల్ అప్రూవల్ వస్తుంది. అంటే ఇంటర్వ్యూ ఒక్కటే మిగిలిందన్నమాట. దానికి గడువు ఉంటుంది, తేదీ దాటితే ఫీజుతో సహా మొదటినుంచీ రావాలి. పెద్ద ఊళ్ళలో ఎన్‌రోల్‌మెంట్ సెంటర్ల స్లాట్లు నెలల ముందే నిండిపోతాయి. ఎవరైనా రద్దు చేసుకుంటే మధ్యలో ఖాళీలు వస్తుంటాయి, రోజూ చూస్తుంటే దొరకొచ్చు. దానికంటే మంచి ఉపాయం ఎన్‌రోల్‌మెంట్ ఆన్ అరైవల్. కండిషనల్ అప్రూవల్ ఉన్నవాళ్ళు ఏదైనా విదేశీ ప్రయాణం నుంచి తిరిగొస్తూ, దిగిన ఎయిర్‌పోర్టులోనే అపాయింట్‌మెంట్ లేకుండా ఇంటర్వ్యూ ముగించుకోవచ్చు. అబుదాబి మీదుగా వచ్చేవాళ్ళకి ఇంకా సౌకర్యం. అక్కడ అమెరికా ప్రీక్లియరెన్స్ ఉంది, అంటే అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే పూర్తవుతుంది. ఈ ఇంటర్వ్యూ కూడా అక్కడే ఇవ్వొచ్చు. అయితే రెండు విమానాల మధ్య సమయం సరిపడా ఉండాలి. అమెరికాలో దిగి ఇవ్వాలనుకుంటే ఆ ఎయిర్‌పోర్టు ఈ పద్ధతిలో ఉందో లేదో, ఆ కౌంటర్ వేళలేమిటో సీబీపీ సైట్‌లో చూసుకోండి. అర్ధరాత్రి దిగే విమానమైతే కౌంటర్ మూసి ఉండొచ్చు.

ఇంటర్వ్యూ అంటే భయపడాల్సిందేమీ లేదు. సాధారణంగా పది నిమిషాల పని. ఎందుకు ప్రయాణం చేస్తారు, ఎక్కడ పనిచేస్తున్నారు, ఎప్పుడైనా కస్టమ్స్ వాళ్ళతో ఇబ్బంది వచ్చిందా అని అడుగుతారు. వేలిముద్రలు, ఫొటో తీసుకుంటారు. పాస్‌పోర్టు (వీసా పాతదాంట్లో ఉంటే రెండూ), డ్రైవింగ్ లైసెన్సు, గ్రీన్ కార్డు ఉంటే అది, లైసెన్సు మీద పాత చిరునామా ఉంటే ఇప్పటి చిరునామా చూపే కరెంటు బిల్లు లాంటిది దగ్గరుంచుకోండి. హెచ్1బీ వాళ్ళు ఐ-797 (హెచ్1బీ ఆమోద పత్రం) కాపీ కూడా పెట్టుకుంటే నష్టం లేదు.

ఆమోదం రాగానే మీ ఖాతాలో పాస్ ఐడీ అనే తొమ్మిదంకెల సంఖ్య కనిపిస్తుంది. విమాన టికెట్ బుక్ చేసేటప్పుడు నోన్ ట్రావెలర్ నంబర్ అనే గడిలో వేయాల్సింది ఇదే. దీనివల్లే అమెరికా లోపలి విమానాలకి టీఎస్ఏ ప్రీచెక్ అనే త్వరగా సాగే భద్రతా తనిఖీ లైన్ వస్తుంది. బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీయనక్కర్లేదు. బోర్డింగ్ పాస్ మీద ప్రీచెక్ గుర్తు రాలేదంటే చాలాసార్లు టికెట్‌లో పేరు, పుట్టినతేదీ సభ్యత్వంలో ఉన్నట్టు లేకపోవడమే కారణం. ప్లాస్టిక్ కార్డు రోడ్డు సరిహద్దుల దగ్గర పనికొస్తుంది. ఎయిర్‌పోర్టులో దాన్ని ఎవరూ అడగరు.

దిగాక గ్లోబల్ ఎంట్రీ బోర్డులున్న వైపు వెళ్తే, ఇప్పుడు చాలాచోట్ల కెమెరా ముందు నిలబడితే చాలు, ముఖం చూసి గుర్తుపడుతుంది. తర్వాత అధికారి పేరు అడిగి పంపిస్తారు. పాస్‌పోర్టు మాత్రం చేతిలోనే ఉంచుకోండి, అడిగే హక్కు వాళ్ళకుంది. అడ్వాన్స్ పెరోల్ (గ్రీన్ కార్డు దరఖాస్తు పెండింగ్‌లో ఉండగా విదేశాలకి వెళ్ళొచ్చే అనుమతి) మీద తిరిగొచ్చేవాళ్ళు సెకండరీ గదికి, అంటే అదనపు తనిఖీకి, వెళ్ళడానికి సిద్ధంగా ఉండాలి. ఈ సభ్యత్వం దాన్ని తప్పించదు.

వీసా మీద ఉన్నవాళ్ళు ఒక పని మరిచిపోకూడదు. ఇల్లు చేరిన రోజే సీబీపీ సైట్‌లో ఐ-94 (మీరు ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ప్రవేశ రికార్డు) తీసి చూడండి. వీసా తరగతి, గడువు తేదీ సరిగ్గా ఉన్నాయా? పాస్‌పోర్టు గడువు హెచ్1బీ పిటిషన్ కంటే ముందే అయిపోతుంటే, ఐ-94ని ఆ పాస్‌పోర్టు తేదీ దగ్గరే తెగ్గొట్టేస్తారు. త్వరగా దాటేసే లైన్‌లో ఎవరూ ఆగి మీకు ఆ సంగతి చెప్పరు. తప్పు పడితే డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ కార్యాలయానికి వెళ్ళి దిద్దించుకోవాలి. గమనించకుండా వదిలేస్తే రేపు హోదాకే ముప్పు.

ఇక సూట్‌కేసు. మనవాళ్ళ సభ్యత్వాలకి అన్నిటికంటే పెద్ద గండం ఇదే. మామూలు ప్రయాణికుడు తినుబండారం చెప్పకుండా తెస్తే మొదటిసారి 300 డాలర్ల జరిమానా పడొచ్చు. గ్లోబల్ ఎంట్రీ సభ్యుడికైతే దానితోపాటు సభ్యత్వమూ పోవచ్చు. ముఖం గుర్తుపట్టే ఆ కొత్త కెమెరా యంత్రాల్లో తెరమీద ప్రశ్నలు లేవు కాబట్టి చెప్పనక్కర్లేదని అనుకోవద్దు. అధికారి ఎదురుగా నిలబడగానే "ఆహార పదార్థాలున్నాయి" అని మీరే నోరువిప్పి చెప్పాలి. చెప్పిన వస్తువు పనికిరాదంటే తీసి పారేస్తారు, అంతే. చెప్పినందుకు జరిమానా ఉండదు. కరివేపాకు తేవద్దు. నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే పురుగు దానిమీద వస్తుంది. అమ్మ కొమ్మల్నించి దూసి, న్యూస్‌పేపర్లో చుట్టి, చీరల మధ్య పెట్టినా వాసన పట్టే కుక్కలున్నాయి. మామిడిపళ్ళు వద్దు. కోడి, మాంసం పచ్చళ్ళు, గోంగూర మటన్ డబ్బాలు అసలే వద్దు. సోనా మసూరి అయినా సరే, ఇండియా నుంచి బియ్యం తేకూడదు. ఖాప్రా అనే పురుగు భయం. నూనెలో ఊరిన ఆవకాయ, పొడులు, కారప్పూస, అరిసెలు సాధారణంగా రానిస్తారు. అవైనా చెప్పే తేవాలి. పాలతో చేసిన స్వీట్లు అధికారి ఇష్టం, కాబట్టి పెట్టెలో పైనే పెట్టి చూపించండి. పెళ్ళికి కొన్న బంగారం, కుటుంబం మొత్తం మీద 10,000 డాలర్లకి మించిన నగదు కూడా చెప్పాల్సినవే. పక్కింటివాళ్ళ పార్సిల్ మీ పెట్టెలో ఉంటే అదీ మీదే అవుతుంది. లోపలేముందో విప్పి చూడనిదే తీసుకోవద్దు.

ఇండియా వైపు కూడా ఇలాంటి సౌకర్యం వచ్చింది. పేరు ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ - ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రామ్. 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలై, 2025 జనవరిలో హైదరాబాద్ సహా మరో ఏడు ఎయిర్‌పోర్టులకి వచ్చింది. భారత పౌరులకి, ఓసీఐ కార్డు ఉన్నవాళ్ళకి ఉచితం. హోంశాఖ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టి, పాస్‌పోర్టు పేజీలు, ఫొటో ఎక్కించాలి. పాస్‌పోర్టుకి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. ఆమోదించాక ఎయిర్‌పోర్టులోగానీ ఎఫ్ఆర్ఆర్ఓ అనే విదేశీయుల నమోదు కార్యాలయంలోగానీ వేలిముద్రలు, ముఖం నమోదు చేస్తారు. ఊరెళ్ళినప్పుడు శంషాబాద్‌లో చేయించుకుంటే తిరుగు ప్రయాణంలోనే ఇ-గేటు (గుర్తుపట్టి దానంతటదే తెరుచుకునే గేటు) వాడుకోవచ్చు. నమోదు ఐదేళ్ళు గానీ, పాస్‌పోర్టు గడువు దాకా గానీ, ఏది ముందైతే అప్పటిదాకా ఉంటుంది. ఢిల్లీలో దిగి విజయవాడకో విశాఖకో విమానం మారేవాళ్ళు ఇమిగ్రేషన్ దాటేది ఢిల్లీలోనే, కాబట్టి అక్కడి గేటే వాడాలి. గేటులో వెళ్తే పాస్‌పోర్టు మీద ముద్ర పడదు. ఆదాయపు పన్ను కోసం ఇండియాలో ఉన్న రోజులు లెక్క చూపాల్సినవాళ్ళు బోర్డింగ్ పాసులు, టికెట్లు ఫోన్‌లో భద్రంగా దాచుకోవాలి.

గ్లోబల్ ఎంట్రీ సభ్యత్వం వచ్చాక దాన్ని పట్టించుకోకపోవడం మరో పొరపాటు. పాస్‌పోర్టు మారితే కొత్త నంబరు ఖాతాలో ఎక్కించాలి, లేకపోతే కెమెరా ముందు నిలబడ్డాక మామూలు లైన్‌కి పంపిస్తారు. హెచ్1బీ నుంచి గ్రీన్ కార్డుకి, గ్రీన్ కార్డు నుంచి పౌరసత్వానికి మారితే ఎన్‌రోల్‌మెంట్ సెంటర్‌లో చూపించి మార్పించుకోవాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు ఇండియా ఇ-గేటుకి కూడా ఓసీఐ కార్డు మీద కొత్తగా నమోదు చేసుకోవాలి. గ్లోబల్ ఎంట్రీ రెన్యువల్‌కి గడువుకి ఏడాది ముందునుంచే దరఖాస్తు పెట్టొచ్చు. గడువు తీరకముందే పెడితే, పరిశీలన ఆలస్యమైనా 24 నెలల దాకా పాత సభ్యత్వం పనిచేస్తూనే ఉంటుంది. ఒక్కరోజు దాటాక పెడితే ఆ వెసులుబాటు ఉండదు. తిరస్కరించినా, రద్దు చేసినా కారణం ఖాతాలోనే ఉత్తరంగా వస్తుంది. అది పొరపాటని మీ దగ్గర కోర్టు కాగితాల్లాంటి రుజువులుంటే, అదే సైట్ నుంచి అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి నిర్ణయాల్ని మళ్ళీ చూసే సీబీపీ అధికారి) పునఃపరిశీలన కోరుతూ వాటిని జతచేసి పంపండి.