ఐదు వేలల్లో అబార్త్‌కి బ్రేక్ ప్యాడ్లు

ప్రశ్న: నాది 2016 మోడల్ ఫియట్ అబార్త్ పుంటో. పోయిన ఏడాది సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, 74 వేల కిలోమీటర్లు తిరిగింది. నెల రోజులుగా బ్రేకు వేస్తే ముందు ఎడమ చక్రం దగ్గర కీచుమంటోంది. మెకానిక్ పైపైన చూసి ప్యాడ్లు అయిపోయాయన్నాడు. రాణిగంజ్‌లో ఒక షాపతను ముందు చక్రాల సెట్టు 1,100కే ఇస్తానన్నాడు, ఏ కంపెనీ అంటే నవ్వి ఊరుకున్నాడు. ఇంపోర్టెడ్ పెర్ఫార్మెన్స్ ప్యాడ్లు 11,500 చెప్పారు. నా చేతిలో ఉన్నది 5 వేలు. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకి వెళ్తాను. నెలకోసారి తెల్లవారుజామున ఫ్రెండ్స్‌తో అనంతగిరి కొండలకి. ఏవి వేయించమంటారు? దయచేసి పేరు వేయకండి, ఈ కారు మీద ఎంత పెడుతున్నానో ఇంట్లో తెలీదు. — ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: పేరు వేయలేదు తమ్ముడూ. అయినా మూతి మీద తేలు బొమ్మ ఉన్న కార్లు మీ మియాపూర్‌లో ఎన్ని ఉంటాయి? మీ ఆవిడ ఈ పేజీ చదివితే మాత్రం నాది పూచీ కాదు.

అసలు దాన్ని స్పోర్ట్స్ కారు అనొచ్చా అని వాదించేవాళ్లు ఉన్నారు. 2015లో పది లక్షల లోపు ధరకి 145 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకీ డిస్కులు ఇచ్చిన బండి. దాని వేగం చూశాక ఏ పేరుతో పిలిచినా ఆపాల్సింది బ్రేకులే కదా.

ముందు డబ్బులు జేబులోనే ఉంచి చక్రం విప్పించండి. పైపైన చూసి అయిపోయాయనడం కుదరదు. ఒక్కో చక్రానికి లోపల ఒక ప్యాడ్, బయట ఒక ప్యాడ్ ఉంటాయి. చక్రం సందులోంచి కనబడేది బయటిదే. పోయిన నెల మా ఆటోనగర్ షెడ్డుకి ఒక కారు వచ్చింది. ఓనరు ఎనిమిది నెలల కిందటే కొత్త ప్యాడ్లు వేయించాడు, కంపెనీని తిట్టుకుంటూ దిగాడు. విప్పితే బయటి ప్యాడ్‌కి ఏడు మిల్లీమీటర్ల మందు, అంటే డిస్కుని పట్టి ఆపే పదార్థం, ఇంకా ఉంది. లోపలిది అరిగి అరిగి రూపాయి బిళ్ల మందం అయింది. ప్యాడ్లని డిస్కుకి నొక్కే కాలిపర్ పిన్ను లాగితే రాదు. నూనె వేసి, రెంచితో తిప్పి, అరగంట కుస్తీ పట్టాక వచ్చింది, ఒంటి నిండా తుప్పుతో, గ్రీజు ఎండిపోయి తారులా అంటుకుని. ఆ పిన్ను మీద కాలిపర్ అటూ ఇటూ జరగాలి. అది బిగుసుకుంటే పిస్టన్ నెట్టే లోపలి ప్యాడ్ ఒక్కటే పని చేసి చస్తుంది. మీకు చప్పుడు ఒక్క చక్రం దగ్గరే వస్తోంది కాబట్టి నా అనుమానం కూడా అటే. పిన్ను సంగతి చూడకుండా 11,500 పెట్టి ఏం కొన్నా అదే గతి. ప్యాడ్ మందం మూడు మిల్లీమీటర్లకి దిగితే మార్చాల్సిందే. కీచుమనేది ప్యాడ్‌కి ఉన్న రేకు నాలుక కూడా కావచ్చు. మందు అరిగాక డిస్కుకి తగిలి అరవాలనే దాన్ని పెడతారు.

ఇక ఏ ప్యాడ్ అనేది. బ్రేకు చేసే పనల్లా వేగాన్ని వేడిగా మార్చడం. 1,200 కిలోల కారు వంద స్పీడులోంచి ఒక్కసారి పూర్తిగా ఆగితే పుట్టే వేడితో ఒకటిన్నర లీటరు నీళ్లు మరుగుతాయి, పదిమందికి టీ పెట్టొచ్చు. అదే 50 స్పీడులోంచి ఆగితే అందులో నాలుగో వంతే. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో మీరు వంద దాటేదెప్పుడు? అనంతగిరిలో నాలుగు వంపులు సరదాగా కొట్టినా, మళ్లీ వికారాబాద్ రోడ్డు మీదికి వచ్చేసరికి డిస్కులు చల్లబడిపోతాయి. రేసు ట్రాక్‌లో అయితే రెండు నిమిషాలకోసారి కాదు, అర నిమిషానికోసారి ఆ టీ నీళ్లు మరుగుతూనే ఉంటాయి. ప్యాడ్ మందు ఆ రెండు చోట్లకీ ఒకటి కాదు.

కుర్రాళ్లు రంగు చూసి కొంటారు. ఈబీసీ అనే ప్యాడ్ల కంపెనీ వాళ్లు గ్రీన్‌స్టఫ్, రెడ్‌స్టఫ్, ఎల్లోస్టఫ్ అని రంగులతోనే పేర్లు పెట్టారు. వాటిలో మందు వేరు, వాడే చోటు వేరు. అందులో ఏది ఖరీదైతే అది గొప్ప అనుకోవడమే తప్పు. బాగా వేడెక్కాక పట్టే రేసు ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడు చెక్క ముక్కతో సమానం. ఇది నేను పుస్తకంలో చదవలేదు. 1998లో శ్రీపెరంబుదూరు దగ్గర ట్రాక్‌లో రేసులు కొట్టే కుర్రాడొకడు వాడి వదిలేసిన ప్యాడ్లు తెచ్చి నా జెన్‌కి బిగించుకున్నా. డిసెంబరు తెల్లవారుజామున మంగళగిరి బయల్దేరా. ప్రకాశం బ్యారేజీ దాటాక ఎదురుగా పాలాయన సైకిలు. బ్రేకు తొక్కితే పెడల్ రాయిలా ఉంది, బండి మాత్రం జారుతూనే ఉంది. బంపరు వెళ్లి క్యాన్‌కి తగిలింది. ఆయనకి దెబ్బ తగల్లేదు కానీ పాలు మాత్రం అక్షరాలా రోడ్డుపాలు. డబ్బులిచ్చి, తిట్లు తిని, ఇంటికొచ్చి ఆ సాయంత్రమే పాత ప్యాడ్లు వేసుకున్నా.

కాబట్టి మీకు కావాల్సింది కారుతో పాటు వచ్చిన ప్యాడ్‌కి సమానమైనది, పేరున్న కంపెనీది. రానే, బాష్, బ్రెంబో, టీఆర్‌డబ్ల్యూ, ఏదైనా సరే, మీ బండికి దొరికేది. ఫియట్ వాళ్లు ఇక్కడ కార్లు ఆపేశాక కౌంటర్లో మోడల్ పేరు చెబితే మొహమొహాలు చూసుకుంటారు. అందుకని పాత ప్యాడ్ విప్పి, గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. దాని ఇనుప పలక వెనక కొట్టిన నంబర్లు ఉంటాయి. యూరప్ ప్యాడ్లకి డబ్ల్యూవీఏ అని ఐదంకెల నంబరు ఉంటుంది. షాపతనికి మోడల్ తెలియకపోయినా ఆ నంబరుతో కంప్యూటర్లో వెతకగలడు. తర్వాత పాతదాన్ని కొత్తదాని మీద పెట్టి చూడండి, చెవులు, మందం, అంచులు అన్నీ కలవాలి. గోరంత తేడా ఉన్నా వద్దు. గ్రైండర్‌తో సరిచేసి ఇస్తామంటే ఆ షాపు మెట్లు దిగేయండి.

అంచు మీద ఇంకో సంగతి చూడాలి. ఎఫ్‌ఎఫ్ అనో, జీఎఫ్ అనో రెండక్షరాలు కనబడొచ్చు. మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. ఎఫ్ అంటే ఘర్షణ గుణకం 0.35 నుంచి 0.45 లోపు, జీ అంటే 0.45 నుంచి 0.55, ఈ అంటే 0.25 నుంచి 0.35. అది నాణ్యతకి మార్కు కాదు, ఎంతకాలం మన్నుతుందో చెప్పదు. అయినా మీ వాడకానికి ఎఫ్‌ఎఫ్ ఉంటే చాలు. యూరప్ ప్రమాణం ఈసీఈ ఆర్90 గుర్తు కూడా ఉంటే ఇంకా మంచిది. ఒరిజినల్ ప్యాడ్ పనితనానికి 15 శాతం మించి అటూ ఇటూ పోకూడదని ఆ నిబంధన.

ఆ 1,100 సెట్టు గురించి రాయడానికి కూడా చేతులు రావట్లేదు. పేరు అడిగితే నవ్వే సరుకుని పిల్లలు కూర్చునే బండికి వేస్తారా? అలాంటి ప్యాడ్ ఒకటి మా షెడ్డులో మేకుకి వేలాడదీసి ఉంచా. నల్ల మందు మొత్తం పలక నుంచి అట్టులా లేచి వచ్చేసింది. లోపల జిగురు రెండు చుక్కలే కనబడుతుంది. కొత్త కుర్రాళ్లు పనిలో చేరిన రోజు ముందు అది చూపిస్తా.

మీ 5 వేలని నేనైతే ఇలా పెడతా. ముందు చక్రాల ప్యాడ్లకి రెండున్నర, మూడు వేలు. మిగిలినదాంట్లో పిన్నులు తీయించి, శుభ్రం చేయించి, సిలికాన్ గ్రీజు పెట్టించండి, రబ్బరు తొడుగులు చిరిగి ఉంటే మార్పించండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. సెకండ్ హ్యాండ్ బండి, ఎప్పుడు మార్చారో మీకు తెలీదు, అంటే మార్చలేదనే లెక్క. ఆయిల్ గాల్లోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చాక ఆ హద్దు 155కి పడిపోతుంది. అనంతగిరి దిగేటప్పుడు మీకు పనికొచ్చేది ఆ డెబ్బై ఐదు డిగ్రీలే. పదకొండు వేల ప్యాడ్ వేసి పాత ఆయిల్ ఉంచుకుంటే పట్టుచీర కట్టి చెప్పులు లేకుండా పెళ్లికి వెళ్లినట్టుంటుంది.

డిస్కు మందం కొలిపించడం మరిచిపోకండి, కనీసం ఎంత ఉండాలో దాని మీదే కొట్టి ఉంటుంది. వెనక చక్రాలకి చేతి బ్రేకు కాలిపర్‌లోనే ఉంటే పిస్టన్‌ని తిప్పుతూ లోపలికి పంపాలి, నొక్కితే పాడవుతుంది. ప్యాడ్లు వేశాక బండి కదిలించే ముందు పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి, మొదటి తొక్కుడికి అది నేలకి తగులుతుంది, కంగారుపడొద్దు. తర్వాత ఖాళీ రోడ్డు మీద 60 స్పీడు నుంచి 10 దాకా ఎనిమిది, పది సార్లు గట్టిగా తగ్గించండి, పూర్తిగా మాత్రం ఆపొద్దు. ఆపై పది నిమిషాలు బ్రేకు ముట్టకుండా మెల్లగా నడిపి చల్లబడనివ్వండి. మందు డిస్కు మీద పలచగా, సమానంగా పరుచుకుంటుంది. దీనికి తెల్లవారుజామునే వెళ్లండి, ఎలాగూ ఆ టైముకి లేచే అలవాటు ఉంది కదా.

ప్రశ్న: వీకెండ్ కోసం 2006 మజ్డా మియాటా స్పోర్ట్స్ కారు కొన్నాను. ఆన్‌లైన్‌లో డిస్కౌంట్ ఉందని ముందు చక్రాలకి ట్రాక్ ప్యాడ్లు వేశాను. పొద్దున్నే అపార్ట్‌మెంట్ అంతా వినబడేలా అరుస్తున్నాయి, చక్రాలు నల్లగా అయిపోతున్నాయి. మొదటి స్టాప్ సైన్ దగ్గర గుండె జారిపోతోంది. — ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: పైన నా పాల క్యాన్ కథ చదివారు కదా, మీ గుండె ఎందుకు జారుతోందో అర్థమయ్యే ఉంటుంది. మియాటా బరువు సుమారు 1,100 కిలోలు. ఇంత తేలికైన బండిని వీధి ప్యాడ్లు హాయిగా ఆపుతాయి. ముందు మాత్రమే రేసు మందు, వెనక మామూలుది పెట్టడం ఇంకో తప్పు. కారు ముందు, వెనక బ్రేకుల లెక్క చెడిపోతుంది, వర్షంలో అది తెలుస్తుంది. ముందు, వెనక ఒకే రకం వీధి ప్యాడ్లు వేయండి. ట్రాక్ ప్యాడ్లు డబ్బాలో దాచుకుని, ట్రాక్‌కి వెళ్లే రోజు నాలుగు చక్రాలకీ సెట్టుగా మార్చుకోండి. మందు మారిన ప్రతిసారీ డిస్కు మీద పాత పొరని గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ బెడ్డింగ్ చేయాలి, అంటే పైన అబార్త్‌కి చెప్పినట్టు 60 నుంచి 10 దాకా పదే పదే తగ్గించి మందుని డిస్కు మీద పరుచుకోనివ్వాలి.

ప్రశ్న: తిరుమల నుంచి దిగేటప్పుడు అలిపిరికి వచ్చేసరికి చక్రాల దగ్గర కాలిన వాసన, పెడల్ మెత్తగా అయిపోతోంది. గట్టి ప్యాడ్లు వేయిస్తే పోతుందా? — ఒక ఉపాధ్యాయిని, తిరుపతి

జవాబు: పోదమ్మా. పెడల్ గట్టిగా ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు అలిసిపోయినట్టు. మెత్తగా కిందికి దిగిపోతే ఆయిల్ మరిగి బుడగలు వచ్చినట్టు. మీది రెండోది. ముందు ఆయిల్ మార్పించండి. దిగేటప్పుడు రెండో గేరులో ఉంచి ఇంజిన్‌కే పని చెప్పండి. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, గట్టిగా ఒకసారి తగ్గించి వదిలేయండి. వాసన వస్తే సురక్షితమైన చోట పక్కకి ఆపి ఇరవై నిమిషాలు ఆగండి. ఆగినప్పుడు కాలిపోతున్న డిస్కుల మీద ఎవరైనా చెంబుతో నీళ్లు పోయబోతే పోయనివ్వకండి, డిస్కు వంకర తిరుగుతుంది.