మాంగూస్‌లో కాల్‌బ్యాక్‌లు పోయాయి, మిల్లు యాప్ ఆగింది

ప్రశ్న: అన్నా, మాది మిర్యాలగూడ. మా మేనమామ రైస్ మిల్లుకి వడ్ల లారీల కాటా లెక్కలు రాసుకునే యాప్‌ని నోడ్, మాంగోడీబీ డేటాబేస్‌తో నేనే చేసిచ్చా. మొన్న కొత్త సర్వర్‌లోకి మార్చి ఆ రెండింటినీ కలిపే మాంగూస్ లైబ్రరీని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే, ఒక రికార్డు వెతికే ఫైండ్‌వన్ ఇక కాల్‌బ్యాక్ (పని అయ్యాక పిలవమని ఇచ్చే ఫంక్షన్) తీసుకోదని ఎర్రర్ వస్తోంది. వానాకాలం వడ్లు దిగుతున్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. కోడ్ మొత్తం తిరగరాయాలా?

జవాబు: ముందు మిల్లు నడవనీ తమ్ముడూ, కోడ్ సంగతి తర్వాత. వెర్షన్ చెప్పకుండా ఇన్‌స్టాల్ కొడితే ప్యాకేజీలు దించే ఎన్‌పీఎం సరికొత్తదే దించుతుంది, 2023లో వచ్చిన మాంగూస్ 7 నుంచేమో కాల్‌బ్యాక్‌లు పూర్తిగా తీసేశారు. ఇవాళ్టికి మాంగూస్ 6 వేసుకో. పాత సర్వర్‌లో అప్పటి వెర్షన్లన్నీ రాసి ఉండే ప్యాకేజ్-లాక్ ఫైల్ ఉంటే ఇంకా మంచిది, అది తెచ్చిపెట్టి ఎన్‌పీఎం సీఐ కమాండ్ కొట్టు, అచ్చం అవే వెర్షన్లు దిగుతాయి.

కోడ్ మార్చడం కూడా 6లో ఉండగానే చెయ్, ఎందుకంటే అందులో కాల్‌బ్యాక్‌లూ, వాటి బదులు వాడే ప్రామిస్‌లూ (ఫలితం తర్వాత ఇస్తానని మాటిచ్చే ఆబ్జెక్ట్‌లు) రెండూ నడుస్తాయి, రోజుకో ఫైల్ మార్చుకుంటూ పోయినా యాప్ ఆగదు. అన్నీ అయ్యాకే 7కి వెళ్లు. కాకపోతే ఒకే క్వెరీకి కాల్‌బ్యాక్ ఇచ్చి మళ్లీ అవెయిట్ (ప్రామిస్ ఫలితం వచ్చేదాకా ఆగమనే మాట) కూడా పెట్టకు, 6 ఊరుకోదు, క్వెరీ ఇప్పటికే నడిచిందని ఎర్రర్ ఇస్తుంది.

ఫంక్షన్‌కి అసింక్, క్వెరీ ముందు అవెయిట్ పెట్టడం పెద్ద పనేం కాదు. తలనొప్పంతా ఎర్రర్ల దగ్గరే. ఇన్నాళ్లూ కాల్‌బ్యాక్‌లో మొదటి ఆర్గ్యుమెంట్‌గా చేతికొచ్చిన ఎర్రర్ ఇప్పుడు త్రో అవుతుంది, కాబట్టి అక్కడ ఇఫ్‌లో రాసుకున్నదంతా ట్రై-క్యాచ్‌లోకి పోవాలి. మర్చిపోయావా, నోడ్ 15 నుంచి ఎవరూ పట్టుకోని రిజెక్షన్ (ప్రామిస్ విఫలమవడం) ఒక్కటొచ్చినా ప్రాసెస్ మొత్తం పడిపోతుంది. వెబ్ రూట్లకి ఎక్స్‌ప్రెస్ ఫ్రేమ్‌వర్క్ వాడుతుంటే, దాని వెర్షన్ 4 అసింక్ రూట్లలో వచ్చే ఎర్రర్లను పట్టుకోదు, 5 అయితే తానే ఎర్రర్ హ్యాండ్లర్‌కి పంపిస్తుంది.

ఇంకో చోట చాలామంది దొరికిపోతారు. అవెయిట్ మర్చిపోతే ఫైండ్‌వన్ ఏ ఎర్రరూ చూపించకుండా ఉత్త క్వెరీ ఆబ్జెక్ట్ ఇస్తుంది, అసలు డేటాబేస్ దాకా పోనే పోదు, లారీ కాటా ఎక్కకముందే చీటీ రాసినట్టు. ఆ ఆబ్జెక్ట్ ఇఫ్‌లో ఎప్పుడూ నిజమే కాబట్టి, ఈ లారీ ఇప్పటికే ఎంట్రీ అయిందా అని నువ్వు పెట్టిన చెక్ ప్రతి లారీకీ అయిందనే చెబుతుంది. గేటు దగ్గర గొడవ నీకే తెలుసు! ఫర్‌ఈచ్ లోపల అవెయిట్ పెట్టినా అంతే, అది ఎవరి కోసమూ ఆగదు, బస్తాల టోటల్ సున్నా దగ్గరే ఉండగా కింది లైన్ నడిచిపోతుంది. ఫర్-ఆఫ్ లూప్ వాడు. అందుకే ఫైండ్-రీప్లేస్‌తో ఒక్క దెబ్బలో మార్చేద్దామనుకోకు, ప్రతి ఫంక్షన్ కళ్లతో చదివి మార్చు.

7కి వెళ్లే రోజు కోడ్‌లో రిమూవ్ అని ఎక్కడుందో కూడా వెతుక్కో. దాన్నీ తీసేశారు, ఒక్క రికార్డు తీసేచోట డిలీట్‌వన్, చాలా ఉన్నచోట డిలీట్‌మెనీ పెట్టాలి.