మనసులు మారాకే మార్చ్ చేయాలా?

ప్రశ్న: మేడమ్, నాకు ఎల్జీబీటీ వాళ్ల మీద కోపమేం లేదు. హైదరాబాద్‌లో ప్రైడ్ వాక్, అదే వాళ్లు హక్కుల కోసం చేసే ఊరేగింపు, రెండుసార్లు ఫుట్‌పాత్ మీద నిలబడి చూశాను కూడా. కానీ జనం గట్టిగా వ్యతిరేకించే దేశాల్లో పట్టుబట్టి రోడ్డెక్కడం రెచ్చగొట్టడం కాదా? ముందు జనం మనసు మారాలి, ఆ తర్వాత నడవచ్చు కదా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: మర్యాదగా అడిగారు కాబట్టి నేనూ సూటిగానే చెప్తానండి. ఆగితే మనసులు మారతాయనేది వినడానికి బాగుంటుంది గానీ, సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో ఏం జరిగిందో చూడండి.

అక్కడ మొదటి ప్రైడ్ 2001 జూన్ 30న పెట్టారు. లాబ్రిస్ అనే లెస్బియన్ సంస్థ, గేటెన్ అనే ఇంకో సంస్థ కలిసి చేశాయి. దేశాన్ని ఏళ్ల తరబడి ఏలిన మిలోషెవిచ్ గద్దె దిగి ఏడాది కూడా కాలేదు, రెండు రోజుల ముందే ఆయన్ని యుద్ధ నేరాల విచారణకి హేగ్ కోర్టుకి పంపించారు, ఇక దేశం మారిపోయింది అనుకునే రోజులవి. వచ్చింది కొద్దిమంది, వాళ్ల మీద పడింది వందల మంది, ఫుట్‌బాల్ అభిమానుల పేరుతో తిరిగే రౌడీ గుంపులు, జాతీయవాదులు. పోలీసులేమో నామమాత్రంగా ఉన్నారు. రక్తాలు కారేలా కొట్టారు.

దాని తర్వాత తొమ్మిదేళ్లు ఆ ఊరి వీధుల్లో ప్రైడ్ లేదు. మరి ఎవరూ రెచ్చగొట్టలేదు కదా, ఈ తొమ్మిదేళ్లలో కోపం చల్లారాలి కదా? 2010 అక్టోబర్ 10న మళ్లీ నడిస్తే, నడిచినవాళ్లు వెయ్యి మంది, కాపలా పోలీసులు ఐదు వేలకి పైగా, అల్లరి చేయడానికి వచ్చినవాళ్లు దాదాపు ఆరు వేలు! వందమందికి పైగా గాయపడ్డారు, వాళ్లలో ఎక్కువమంది పోలీసులే. అధికార పార్టీ ఆఫీసుకి కూడా నిప్పు పెట్టారు. అంటే ఇన్నేళ్లు నోరు మూసుకుని ఉన్నందుకు ఒరిగిందేమీ లేదు, గుంపు ఇంకా పెద్దదైంది.

మధ్యలో 2009లో కూడా అన్నీ సిద్ధం చేసుకున్నారు, ఒక్కరోజు ముందు, ఊరి మధ్యలో రక్షణ ఇవ్వలేం, నది ఒడ్డుకి పోయి చేసుకోండి అన్నారు ప్రభుత్వం వాళ్లు. నిర్వాహకులు ఒప్పుకోలేదు, మార్చ్ ఆగిపోయింది. నాకు వాళ్ల మీద గౌరవం పెరిగింది ఇక్కడే. ఎవరూ లేనిచోట నడిస్తే అది ఊరి బయటికి నెట్టేసినట్టే కదండీ. ఆ నిర్ణయం సభ పెట్టుకునే హక్కుని ఉల్లంఘించిందని 2011లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానమే చెప్పింది. ఐనా 2011, 2012, 2013 వరసగా మూడేళ్లు బ్యాన్. 2013లో బ్యాన్ అని చెప్పిన రాత్రే కొద్దిమంది జెండాలు పట్టుకుని ప్రభుత్వ భవనం ముందుకి వచ్చి అక్కణ్ణుంచి నడిచారు.

2014 సెప్టెంబర్ 28న మాత్రం పెద్ద గొడవ లేకుండా జరిగింది. ఒక్క ఏడాదిలో జనం మారిపోయారా? లేదు, ఆ ఏడాదే యూరోపియన్ యూనియన్‌లో చేరే చర్చలు మొదలయ్యాయి, దాంతో ప్రభుత్వం కాపాడాలనుకుంది, వేల మంది పోలీసుల్ని పెట్టింది, కాపాడింది. కాబట్టి నేనైతే, రెచ్చగొడుతున్నారా అని నడిచేవాళ్లని కాదు, మా మనుషుల్ని కాపాడతారా లేదా అని సర్కారుని అడగాలంటాను. ఆ ప్రశ్న రోడ్డు మీదకి రాకుండా అడిగితే ఎవరూ వినరు.

ఇంకోటి, మీరు చూసిన హైదరాబాద్ ప్రైడ్ కూడా అందరూ ఒప్పుకున్నాక మొదలైంది కాదు. మొదటిది 2013 ఫిబ్రవరిలో జరిగితే, అదే ఏడాది డిసెంబర్‌లో సుప్రీం కోర్టు సెక్షన్ 377ని మళ్లీ నిలబెట్టింది, అంటే వాళ్ల ప్రేమ మళ్లీ నేరమైంది. పెద్దవాళ్ల ఇష్టపూర్వక సంబంధాల మీద ఆ నేరం మాట 2018లో గానీ పోలేదు. ఈసారి ప్రైడ్ జరిగినప్పుడు ఫుట్‌పాత్ దిగి వాళ్లతో కాసేపు నడవండి, ఎలా ఉందో నాకు రాయండి.