ఆ రాత్రి కారులో మీ అబ్బాయి చూసింది

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. మా అబ్బాయికి పదిహేడేళ్ళు. హైస్కూల్లో చేరినప్పటి నుంచి ఒక నల్లబ్బాయితో స్నేహం. ఇద్దరూ బాస్కెట్‌బాల్ ఆడతారు. పోయిన నెల ప్రాక్టీసు ముగించుకుని రాత్రి తొమ్మిదిన్నరకి ఆ అబ్బాయి కారులో వస్తుంటే పోలీసు ఆపాడు. అద్దానికి ఎయిర్ ఫ్రెషనర్ వేలాడుతోందన్నాడట. ఆ అబ్బాయిని కిందికి దింపి, జేబులు తడిమి, చేతులకి బేడీలు వేసి నలభై నిమిషాలు రోడ్డు పక్కన కూర్చోబెట్టాడు. డిక్కీ అంతా వెతికితే బూట్లు, కెమిస్ట్రీ పుస్తకం ఉన్నాయి. చివరికి టికెట్ కూడా రాయకుండా వదిలేశాడు. మావాణ్ణి మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. ఇకమీదట ఆ కారెక్కొద్దని చెప్పాను. అప్పటి నుంచి వాడు నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. మావారేమో, ఏమీ లేకుండా పోలీసులు ఊరికే ఆపుతారా అంటున్నారు. నేను చెప్పింది తప్పా?
– ఒక తల్లి, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, చోటు చాలక మీ ఉత్తరాన్ని కుదించి వేశాను. పూర్తి ఉత్తరంలో మీరు ఏడు చోట్ల 'ఆ నల్లబ్బాయి' అని రాశారు. పేరు ఒక్కచోట కూడా లేదు. మీ ఇంట్లో ఎన్నోసార్లు అన్నం తిన్న పిల్లవాడని మీరే రాశారు. ఇది మిమ్మల్ని నొప్పించడానికి కాదు, మీ అబ్బాయి మౌనానికి సగం కారణం ఇక్కడే ఉందనిపించి చెబుతున్నాను. ఆ రాత్రి పోలీసు చూసింది రంగునే. మర్నాడు ఇంట్లో మీ నోట కూడా వాడికి అదే వినబడింది.

నేను ఈ రాష్ట్రంలోనే పంతొమ్మిదేళ్ళు కోర్టుల్లో తెలుగు, హిందీ దుబాసీగా పనిచేశాను. నా కేసు పిలిచేదాకా వరండాలో బెంచీ మీద కూర్చునేదాన్ని. పక్కన ఎప్పుడూ ఎవరో ఒక నల్లజాతి కుర్రాడు, ఒళ్ళో తల్లి బ్యాగు పెట్టుకుని. ఎందుకొచ్చావు బాబూ అంటే, లేన్ మారేటప్పుడు సిగ్నల్ వేయలేదనో, నంబర్ ప్లేటు దగ్గర బల్బు పోయిందనో చెప్పేవాడు. అలాంటి తప్పులకి నన్నూ రెండుసార్లు ఆపారు. రెండుసార్లూ 'హ్యావ్ ఎ గుడ్ డే మేడమ్' అని పంపించారు. నన్నెవరూ కారు దిగమనలేదు.

మీవారి ప్రశ్నకి వస్తాను. 1996లో సుప్రీంకోర్టు వ్రెన్ కేసులో ఏం చెప్పిందంటే, చిన్న ట్రాఫిక్ తప్పు కంటబడితే చాలు, ఆపొచ్చు. పోలీసు మనసులో అసలు ఉద్దేశం వేరే ఉన్నా ఆ ఆపడం చెల్లుతుంది. రోడ్డు మీద వెతికితే ఏదో ఒక తప్పు దొరకని కారు ఉండదు. అందుకే ఎవరి కారులో వెతుకుతున్నారన్నదే అసలు సంగతి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు దేశమంతటా పోలీసులు కార్లు ఆపిన దాదాపు 10 కోట్ల సందర్భాల రికార్డులు తెప్పించి చూశారు. 2020లో అచ్చయిన ఆ పరిశోధనలో తేలింది ఇది: చీకటి పడ్డాక, డ్రైవర్ ముఖం కనబడని వేళ, ఆపినవాళ్ళలో నల్లజాతివాళ్ళ వాటా తగ్గింది. డ్రైవింగ్ అదే, రోడ్డు అదే. సూర్యుడు అస్తమించాడు, అంతే తేడా.

న్యూయార్క్ సంగతీ చెప్పండి ఆయనకి. 2004 నుంచి 2012 మధ్య వరకు అక్కడి పోలీసులు వీధిలో నడిచి వెళ్ళేవాళ్ళని 44 లక్షల సార్లు ఆపారు. నూటికి ఎనభై మందికి పైగా నల్లజాతివాళ్ళు, హిస్పానిక్‌లు (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళు). సగానికి పైగా సార్లు ఆయుధం ఉందేమోనని ఒళ్ళు తడిమారు. అలా తడిమినవాళ్ళలో ఆయుధం దొరికింది నూటికి ఒకటిన్నర మంది దగ్గర. 2013లో జడ్జి షీరా షైండ్లిన్ ఈ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చారు.

మన న్యూజెర్సీ కథ మీకు తెలియకపోవచ్చు, మీరు వచ్చేనాటికే పాతబడి ఉంటుంది. 1998 ఏప్రిల్‌లో టర్న్‌పైక్ అనే పెద్ద రహదారి మీద నలుగురు కుర్రాళ్ళు వ్యానులో నార్త్ కరోలినా వెళ్తున్నారు. ముగ్గురు నల్లజాతివాళ్ళు, ఒకరు హిస్పానిక్. మీ పిల్లల్లాగే బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు, ఆ ఆట కోసమే ప్రయాణం. స్టేట్ పోలీసులు ఆపారు. వ్యాను వెనక్కి కదిలింది. పదకొండు తూటాలు పేల్చారు. ముగ్గురికి తగిలాయి. మరుసటి ఏడాది, రంగు చూసి ఆపడం నిజంగానే జరుగుతోందని రాష్ట్రమే ఒప్పుకుంది. ఆ తర్వాత పదేళ్ళు స్టేట్ పోలీసు ఫెడరల్ పర్యవేక్షణలో ఉంది. ఆ వార్తలొస్తున్న రోజుల్లోనే నేను కూడా మా అబ్బాయికి మీలాగే చెప్పాను, తన స్నేహితుడి కారెక్కొద్దని. స్నేహితుడితో నా మాట చెప్పలేక మావాడు నెల రోజులు మోకాలు నొప్పి అని ఆట మానేశాడట. ఈ సంగతి నాకు వాడి ముప్పై ఏళ్ళప్పుడు తెలిసింది. అప్పటికి ఆ స్నేహం ఎప్పుడో పోయింది.

పిల్లవాడు మర్యాదగా ఉంటే సరిపోతుందని కూడా అనకండి. నల్లజాతి తల్లులు కొడుకులకి పదేళ్ళకే నేర్పుతారు: చేతులు స్టీరింగ్ మీద, కాగితాలు తీసే ముందు చెప్పి తీయి, ఎదురు మాట్లాడకు. మినెసోటాలో బడి భోజనశాలలో పనిచేసే ఫిలాండో క్యాస్టిల్ అనే నల్లజాతి మనిషి, పోలీసు కారు ఆపినప్పుడు అలాగే, తన దగ్గర తుపాకీ ఉందని ముందే చెప్పాడు. దానికి లైసెన్సు ఉంది. కారులో పక్కన స్నేహితురాలు, వెనక సీట్లో ఆమె నాలుగేళ్ళ కూతురు. అయినా కాల్చేశారు. అది 2016 జూలై. అంతకుముందు కొన్నేళ్ళలో ఆయన్ని కనీసం 46 సార్లు ఆపారు. కాల్చిన అధికారిని జ్యూరీ విడిచిపెట్టింది.

దూరంగా ఉంటే మనవాళ్ళకి బాధ ఉండదనుకోవడం కూడా పొరపాటు. 2015 ఫిబ్రవరిలో అలబామాలోని మ్యాడిసన్‌లో, మనవణ్ణి చూసుకోవడానికి గుజరాత్ నుంచి వచ్చిన సురేశ్‌భాయి పటేల్ కొడుకు ఇంటి వీధిలో నడుస్తున్నారు. సన్నగా ఉన్న నల్లవాడొకడు తిరుగుతున్నాడని ఎవరో ఫోన్ చేశారు. ఇంగ్లీషు రాదని చెబుతున్న మనిషిని పోలీసు నేలకేసి కొడితే వెన్నుపూస దెబ్బతింది. జ్యూరీ రెండుసార్లు ఏ తీర్పూ తేల్చలేకపోయింది. చివరికి జడ్జి ఆ పోలీసు నిర్దోషి అన్నారు.

కాబట్టి ఆ కారెక్కొద్దనకండి. ఆ రాత్రి మీవాడు పక్కనుండడం ఆ పిల్లవాడికి ఎంతో మేలు, చూసిన సాక్షి ఒకడున్నాడు. ఆపిన సమయం, చోటు, పోలీసు కారు నంబరు, అన్న మాటలు, ఏది గుర్తుంటే అది ఈ రాత్రే కాగితం మీద పెట్టమనండి. మళ్ళీ ఎప్పుడైనా ఆపితే సీట్లోనే కూర్చుని చేతులు కనబడేలా పెట్టాలి. వీడియో తీసే హక్కు ఉంది, 2017లో ఫిలడెల్ఫియా కేసులో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఇచ్చిన తీర్పు మన రాష్ట్రానికీ వర్తిస్తుంది. కానీ ఫోను తీసే ముందు పైకి చెప్పి తీయాలి. ఇంకోటి, కారు వెతకనిస్తావా అని ఊరికే అడగడానికి కూడా న్యూజెర్సీలో వీల్లేదు. అనుమానానికి చెప్పగలిగిన కారణం ఉండాలని 2002లో కార్టీ కేసులో తేల్చారు. అడిగితే 'ఐ డోంట్ కన్సెంట్' అని మెల్లగా చెప్పడం ఇద్దరికీ నేర్పండి. చెప్పినా వెతికితే అడ్డుపడొద్దు.

మీవంతు పని ఒకటుంది. ఇక్కడి పోలీసులు ఒంటిమీద కెమెరా పెట్టుకోవాలన్న చట్టం 2021 జూన్ నుంచి అమల్లో ఉంది. ఆ వీడియో కనీసం 180 రోజులు ఉంచాలి. అందులో ఉన్న మనిషి అడిగితే మూడేళ్ళు ఉంచాలి. ఫిర్యాదు ఎవరిచ్చినా తీసుకోవాలి, మీరిచ్చినా సరే. కానీ ఆ పిల్లవాడి తల్లిని అడక్కుండా ఇవ్వకండి. దాని ఫలితం మోయాల్సింది వాళ్ళు. ఆమెకి ఫోన్ చేయండి. మావాడు అక్కడే ఉన్నాడు, చూసిందంతా రాసిపెట్టాడు, మీరు ఎలా అంటే అలా చేద్దాం అని చెప్పండి. ఉత్తరం మీది తేదీ చూస్తే ఆ 180 రోజుల్లో ఇప్పటికే అయిదు వారాలు గడిచాయి.